మిర్చి యార్డా, ఆటోనగరా: ఊరికి ఏది మేలు?

గుంటూరు మిర్చితో ఎదిగింది, లారీలు బాగుచేసే షెడ్లున్న బెజవాడ ఆటోనగర్ లారీతో. రోజువారీ డబ్బు చేతులు మారేది చూస్తే మిర్చి కొని అమ్మే గుంటూరు యార్డుదే పైచేయి. దెబ్బ తగిలినా లేచి నిలబడేది ఏదంటే మాత్రం మా ఓటు ఆటోనగర్‌కే.

యార్డులో కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు. విరిచి చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో చూస్తాడు. తేమ 11 శాతం దాటితే బూజు పడుతుంది, ఆ బూజు నుంచి పుట్టే విషం అఫ్లటాక్సిన్ భయంతో ఎగుమతిదారు ఆ లాటు ముట్టుకోడు. రకాల్లో తేజ ఘాటుకు పోతుంది, బ్యాడగి రంగుకు. ధర గిట్టకపోతే రైతు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దాని మీద అప్పు తెచ్చుకుంటాడు. చలికి రంగు నిలుస్తుంది గానీ అద్దె, వడ్డీ ఆగవు. టిక్కీకి 40 కిలోల లెక్కన వంద టిక్కీలు 40 క్వింటాళ్లు. క్వింటాకు ధర వెయ్యి తగ్గితే అక్షరాలా 40 వేలు గోవిందా, అద్దె వేరే.

పంట ఒక్కటే కావడంతోనే వచ్చింది చిక్కు. 2021-22లో నల్ల తామర పురుగు పూత రాల్చేస్తే తోటలు పీకేసినవాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో పురుగుతో పనిలేకుండా ధరే పడింది. మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది.

ఆటోనగర్ బలం చెన్నై–కోల్‌కతా, హైదరాబాద్–మచిలీపట్నం హైవేలు కలిసే బెజవాడలో ఉండటం. చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు, అదే కమాను పట్టీ, విరిగిన లారీ వచ్చిందనుకోండి. పట్టీలవాడు, వెల్డరు, లేత్ మిషన్, రేడియేటర్, టైర్ల కొట్టు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. పట్టీ చివర కూర్చునే బుష్ దొరక్కపోతే పక్క షెడ్డులో లేత్ మీద చేయించుకోవచ్చు. లారీ ఆగిన ప్రతిరోజూ కిస్తీ నెత్తిన కూర్చుంటుంది కాబట్టి డ్రైవరు దారి మార్చుకునైనా ఇక్కడికే వస్తాడు. పని నేర్చిన కుర్రాడు నాలుగేళ్లకు సొంత షెడ్డు పెట్టుకుంటాడు. యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఆ మెట్టు లేదు.

అలాగని ఆటోనగర్‌కు పోటీ లేదనుకోకండి. కంపెనీలే బాడీ కట్టిన లారీలు అమ్ముతున్నకొద్దీ బాడీ షెడ్లకు పని తగ్గుతుంది. అయితే అదే వెల్డరు ట్రాక్టర్ ట్రక్కులు కట్టగలడు, గోడౌన్ షెడ్లు వేయగలడు. కోల్డ్ స్టోరేజీ గదిని అంత తేలిగ్గా మరో పనికి మళ్లించలేం.

చుట్టూ మిర్చి పొలాలున్న ఊరు ఆటోనగర్ కట్టుకుంటే కుదరదు, నిజమే. అలాంటి ఊరు కాయ అమ్మి ఊరుకోకుండా కారం పట్టించాలి, ఘాటు సారం తీసే యూనిట్లు తెచ్చుకోవాలి. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉన్నది అందుకే. యూనిట్ పెట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సింది మిషన్ ధర కాదు, ఏడాది పొడుగునా ఒకే ఘాటు, ఒకే తేమ ఉన్న కాయ దొరుకుతుందా అన్నది.