గాజువాక మ్యాన్‌పవర్ ఆఫీసు: ఫిట్టర్లు సూపర్, వెల్డర్లకు మాత్రం టెస్ట్ పెట్టుకోండి

విశాఖ ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు, ఇనుము కోసి, వెల్డింగ్ చేసి సామాన్లు తయారుచేస్తాం. పని ఒత్తిడి ఎక్కువైనప్పుడల్లా గాజువాకలో ఒక మ్యాన్‌పవర్ ఆఫీసు నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నాం. పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ఫిట్టర్లకి తిరుగులేదు. షిప్‌యార్డులోనో, బీహెచ్‌పీవీలోనో (భారీ ప్లేట్లు, వెసెల్స్ చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీ, 2013లో భెల్‌లో కలిసిపోయినా ఇక్కడ అందరికీ ఇంకా బీహెచ్‌పీవీనే) కాంట్రాక్టు కింద ఏళ్లకేళ్లు చేసిన పెద్దవాళ్లు వీళ్ల లిస్టులో ఉన్నారు. మొన్న వచ్చినాయన డ్రాయింగ్ చేతికివ్వగానే సుద్దముక్కతో నేల మీద ఫుల్ సైజు గీసేసి, "ఈ కొలత కలవట్లేదు బాబూ" అన్నాడు. బీటెక్ చదివిన మా సూపర్‌వైజర్ రెండుసార్లు లెక్కేసుకుని అవునన్నాడు.

హెల్పర్లు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు. గ్రైండింగ్‌కి, ఎత్తు మీద పనులకి ఒడిశా, బీహార్ వాళ్లు. కాబట్టి సంక్రాంతికి ఒక బ్యాచ్, ఛట్ పూజకి ఇంకో బ్యాచ్ మాయం. డెలివరీ డేట్లు ఇచ్చేటప్పుడు అది చూసుకోండి.

ఇక వెల్డర్లు. ప్లేటు పనికి ఎవరో ఒకరు దొరుకుతారు. పైపు పని వేరు. 6జీ టెస్ట్ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేసి, దాన్ని తిప్పకుండా మనిషే చుట్టూ తిరిగి వెల్డింగ్ చెయ్యాలి. అది పాసైనవాడు గల్ఫ్‌కో, రిఫైనరీ షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) పనులకో పోతాడు గానీ మన రేటుకి ఎందుకొస్తాడు? షట్‌డౌన్ సీజన్‌లో టిగ్ వెల్డర్ (ఆర్గాన్ గ్యాస్‌తో సన్నటి వెల్డింగ్ చేసేవాడు) అసలు ఫోనే ఎత్తడు. సరిగ్గా అప్పుడే ఈ ఆఫీసువాళ్లు "పైపు వెల్డరే సార్, గ్యారంటీ" అని ప్లేటు వెల్డర్ని అంటగడతారు. మాకొచ్చినవాడు రూట్ గ్యాప్ (రెండు పైపుల అంచుల మధ్య వదిలే సందు) కూడా చూడకుండా రాడ్డు పెట్టేశాడు, వెల్డింగ్ లోపలిదాకా కరిగి దిగలేదు, జాయింట్లు కోసి మళ్లీ చేయించాం. బిల్లు తగ్గించమంటే వారం నానబెట్టి సగం తగ్గించారు.

ఇంకోటి. ఈఎస్ఐలో (కార్మికుల ఆరోగ్య బీమా) జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతమే, 3.25 యజమాని కట్టాలి. రెండూ తన కూలీలోంచే కోస్తున్నారని ఒక కుర్రాడు చెప్పాడు. అడిగితే ఆఫీసులో నీళ్లు నమిలారు. బిల్లుతో పాటు ఈఎస్ఐ కట్టిన చలానా కాపీ, జీతం స్లిప్పులు అడగండి, అడిగితే ఇస్తున్నారు.

ఫిట్టర్, హెల్పర్ కావాలంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పైపు వెల్డర్‌ చేత మాత్రం ముందు ఒక ముక్క మీద రూట్ రన్ (సందులో వేసే మొదటి వరస వెల్డింగ్) వేయించి, కోసి చూశాకే పనిలో పెట్టుకోండి. శనివారం సాయంత్రం అటు వెళ్లకండి, వారం పేమెంట్ల గొడవలో మీ మొహం చూసేవాడు కూడా ఉండడు.