నాలుగు వానాకాలాలు, ఏడు గిటార్లు, గది మూలన ఒక డీహ్యుమిడిఫయర్

గాలిలో తేమ లాగే మిషను ఇది. కొన్న పది రోజులకి రాసి ఉంటే దీనికి ఒక్క స్టారు కూడా ఇచ్చేవాణ్ని కాదు. ఇవాళ నాలుగిస్తాను. ఈ మధ్యలో మారింది మిషను కాదు, మా గది తలుపు. ఆ కథే రాస్తున్నాను.

2021 జులైలో కొన్నాను. కంప్రెసర్ రకం. డబ్బా మీద రోజుకి 12 లీటర్లు లాగుతుందని ఉంది. అప్పట్లో 19,500 అయింది. ఆ మోడలు ఇప్పుడు రావట్లేదు కాబట్టి పేరు రాసినా ఎవరికీ లాభం లేదు. అది ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో, మా ఇంటి వెనక గదిలో. 10 అడుగుల వెడల్పు, 12 పొడవు, 10 ఎత్తు, పైన స్లాబు. పగలు లోకో షెడ్‌లో ఫిట్టర్ పని, సాయంత్రాలూ ఆదివారాలూ ఈ గదిలో గిటార్లు. ఏడు పూర్తయ్యాయి, ఎనిమిదోది క్లాంపుల్లో ఉంది.

గిటార్లు చెయ్యడానికి గాలిలో తేమ తియ్యడం దేనికని మా షెడ్‌లో ఇప్పటికీ అడుగుతారు. వానాకాలంలో మీ బాత్రూం తలుపు బిగుసుకుపోతుంది కదా, అదే రోగం, నాది పలచటి పలక కాబట్టి ఇంకా ఎక్కువ అంటాను. తలుపైతే చిత్రిక పట్టి వదిలేస్తాం. గిటారు పైపలక మందం రెండున్నర మిల్లీమీటర్లు, దానికి చిత్రిక పట్టే దారి లేదు.

నా మొదటి గిటారు 2020 ఆగస్టులో మొదలైంది. స్ప్రూస్ కర్ర పైపలక, వెనకా పక్కలూ రోజ్‌వుడ్, అదే అడితిలో అడిగితే జిట్టెగి. తేమ కొలిచే సాధనం అప్పుడు నా దగ్గర ఏదీ లేదు. బయట ముసురు. పైపలక లోపలివైపు ఎక్స్ ఆకారంలో బ్రేసులు, అంటే ఊతానికి పెట్టే సన్నటి కర్ర బద్దలు, అతికించాను, జిగురు బ్రహ్మాండంగా పట్టింది, తడితే పలక మోగింది కూడా. దసరాకి తీగలు బిగించాను. మరుసటి మేలో ఒక మధ్యాహ్నం హాల్లోంచి ఠప్పుమని చప్పుడు. తీగ తెగిందనుకున్నాం. తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డు అంచు పక్కనుంచి పలక మధ్య గుండ్రటి సౌండ్‌హోల్ దాకా గీత గీసినట్టు పలక పగిలింది.

లెక్క తరవాత తెలిసింది. చుట్టూ గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్ర తన ఎండు బరువులో సుమారు 16 శాతం నీళ్లు పట్టుకుంటుంది. గాలి 50 శాతానికి దిగితే కర్రలో 9 దగ్గర ఆగుతుంది. ఆ ఏడు శాతం పోయేసరికి 40 సెంటీమీటర్ల వెడల్పున్న స్ప్రూస్ పలక దాదాపు 4 మిల్లీమీటర్లు ముడుచుకోవాలి. కర్ర ముడుచుకునేది నారకి అడ్డంగానే, పొడుగునా దాదాపు కదలదు. బ్రేసులేమో పలక నారకి అడ్డంగా పడి ఉంటాయి, వాటి పొడుగు మారదు. పలక లోపలికి రావాలంటుంది, బ్రేసు రానివ్వదు. ఎండిన పలకకి మిగిలే దారి పగలడమే. పోనీ బాగా ఎండలో అతికిద్దామా అంటే, వానలొచ్చాక పలక ఉబ్బి, తీగలు కట్టే బ్రిడ్జి వెనక పొట్టలా లేస్తుంది, తీగలు ఫ్రెట్‌బోర్డు మీంచి ఎత్తుకి పోతాయి. అందుకని గిటార్లు చేసేవాళ్లు గదిని 45 నుంచి 50 మధ్య నిలబెట్టుకుని పని చేస్తారు. మనకి జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ అంకె దానంతట అది రాదు.

అలా మిషను కొన్నాను. మొదటి పది రోజులూ నరకం. పొద్దున వేస్తే రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది, తేమ మాత్రం 64 దగ్గర కూర్చుంది, దిగదు. ట్యాంకు నిండుతోంది, పారబోస్తున్నాను, మళ్లీ నిండుతోంది. తిరిగి పంపేద్దామని డబ్బా కూడా వెతికాను.

ఒక రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. నా గది 34 ఘనమీటర్లు. 30 డిగ్రీల దగ్గర తేమని 80 నుంచి 50కి దింపాలంటే ఘనమీటరుకి 9 గ్రాముల నీళ్లు తీస్తే చాలు. మొత్తం గదికి 310 గ్రాములు, ఒక పెద్ద గ్లాసుడు. మరి నేను రోజూ పారబోస్తున్న ఐదు లీటర్లు ఎక్కడివి? వీధిలోవి. గంటకొకసారి గదిలో గాలంతా మారిపోతే ఆ 310 గ్రాములూ గంటగంటకీ కొత్తగా వచ్చిపడతాయి, రోజుకి ఏడు లీటర్ల పైమాట. డబ్బా మీద 12 లీటర్లన్నది 80 శాతం తేమలో కొలిచిన అంకె. 50 దగ్గరికి వచ్చేసరికి అందులో సగం తీస్తే గొప్ప. అంటే నా మిషను కృష్ణా జిల్లా మొత్తాన్ని ఆరబెడుతోంది.

మర్నాడు ఆదివారం. తలుపు కింద వేలు దూరే సందుకి రబ్బరు బీడింగు, చట్టం చుట్టూ అదే. గాజు రెక్కల కిటికీకి లోపలినుంచి పాలికార్బనేట్ షీటు, అంచుల్లో సిలికాన్. వెంటిలేటర్‌కి దోమతెర మీద ప్లైవుడ్ ముక్క. అంతా కలిపి 900 రూపాయలు. ఆ సాయంత్రం రెండున్నర గంటల్లో 50కి దిగింది, మిషను దానంతట అది ఆగింది. అది ఆగడం చూడ్డం అదే మొదటిసారి. వీటిని కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే గట్టిగా చెబుతాను: ముందు తలుపు, తరవాత మిషను. పెద్ద సైజు కొంటే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు, వినకండి.

రెండో విషయం, మిషను మీద వెలిగే అంకెని నమ్మకండి. నాది 50 అని చూపిస్తున్నప్పుడు బల్ల మీద అసలు తేమ 57. విడిగా ఒక డిజిటల్ మీటరు కొనుక్కుని, దాన్ని కూడా పరీక్ష పెట్టాకే వాడండి. పరీక్ష వంటింట్లోదే. సీసా మూతలో ఉప్పు పోసి, ఇసక తడిసినట్టు అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లు వెయ్యాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారేసరికి 75 చూపించాలి. నాది 71 చూపించింది, అందుకని ఎప్పుడూ నాలుగు కలిపి చదువుతాను. ఏడాదికోసారి మళ్లీ చూస్తాను, రెండేళ్లకి ఒక పాయింటు జారింది.

ఇక దీంతో పడ్డ తిప్పలు. వేడి మొదటిది. తిన్న కరెంటంతా వేడిగానే గదిలో వదులుతుంది, ఆవిరి నీళ్లుగా మారేటప్పుడు వచ్చే వేడి దానికి తోడు. తలుపులు మూసిన గది మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఆగస్టులో 34 డిగ్రీల్లో బనియను తడిసి, మోచేతి చెమట పలక మీద పడకుండా తువ్వాలు చుట్టుకుని పని చేశాను. మనిషి చెమట కూడా తేమే కదా, అదీ మళ్లీ మిషనే లాగాలి. ఇప్పుడు పని మొదలయ్యే రెండు గంటల ముందు వేసి, లోపలికి వెళ్లేటప్పుడు ఆపేస్తాను.

ఏసీ పెడితే పోదా అని అందరూ అడిగేదే. గది చల్లబడగానే ఏసీ కంప్రెసర్ ఆగుతుంది, కాయిల్ మీద చెమ్మ మళ్లీ గాలిలో కలుస్తుంది. ముసురు రాత్రుల్లో బయటే 26 డిగ్రీలు ఉంటే అది చల్లార్చడానికి ఏముంది, తేమ 70లోనే ఉంటుంది. మా బెడ్రూంలో కొలిచి చూశాను.

చప్పుడు సంగతి మాత్రం సరదాగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కంప్రెసర్ మూలుగు దానికి రెట్టింపు, 100. పెద్ద గిటారు డొక్కలో గాలి తనంతట పలికే స్వరం కూడా సుమారుగా ఆ 100 దగ్గరే ఉంటుంది. మూడో గిటారు డొక్క మూసి బల్ల మీద పెట్టి మిషను వేశాను. ఎవరూ ముట్టకుండానే అది సన్నగా హూఁ అంటోంది. వెనకపలక మీద చెయ్యి వేస్తే వేళ్లకి తెలుస్తోంది. మా ఆవిడ భయపడింది, నేను సంబరపడ్డాను. బ్రేసులు చెక్కుతూ పలకని తట్టి వినేటప్పుడు మాత్రం ఆపి తీరాలి, లేకపోతే ఏది పలక గొంతో ఏది మిషను గొంతో తెలియదు.

ట్యాంకు రెండు లీటర్లే. నిండితే ఆగిపోతుంది, అదీ సరిగ్గా రాత్రి రెండింటికి. జిగురు ఆరుతున్న పలక తెల్లారేసరికి మళ్లీ 66లో ఉంటుంది. వెనక పైపు పెట్టే నోరు ఉంది, గోడకి చిల్లు పొడిచి పైపు బయటికి తీసి, చుట్టూ ఎం-సీల్ పెట్టాక ఆ బాధ పోయింది. ఆ నీళ్లు మొక్కలకి పోస్తాం. ఇన్వర్టర్ బ్యాటరీకి పొయ్యమని బావగారు సలహా ఇచ్చారు. కాయిల్ మీద దుమ్మూ లోహం కడుక్కుని వచ్చే నీళ్లవి, నేను పొయ్యలేదు.

బావగారంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లి వాళ్ల ఇల్లు మునిగింది. మూడో రోజు పడవలో బయటపడి మా ఇంటికి వచ్చారు. తెచ్చుకున్నది ఒక సంచి. అందులో ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ అట్టలా అంటుకుపోయి. గిటారు పని మంచం కిందికి తోసేసి, గదిలో నాలుగు తాళ్లు కట్టి, కాగితాల మధ్య న్యూస్‌పేపరు పెట్టి, మిషను ఆపకుండా మూడు రోజులు తిప్పాను. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోయేది, ఇక్కడ నిదానంగా ఆరి ఒక్కొక్కటే విడిపోయింది. సిరాతో పెట్టిన సంతకాలు పాకిపోయాయి గాని, ముద్రలూ అచ్చూ నిలిచాయి. నా 19,500 ఆ మూడు రోజుల్లోనే తీరిపోయిందని లెక్క.

రిపేరు ఒక్కసారే వచ్చింది, తప్పు సగం నాదే. రోజ్‌వుడ్ సానపట్టిన పొడి ఫిల్టరు దాటి లోపలికి పోయింది, తడి కాయిల్ మీద గోరింటాకు ముద్దలా పట్టేసింది. మూడో ఏడు నీళ్లు రావడం తగ్గింది, కాయిల్ మంచు కట్టింది. సర్వీసుకి ఫోన్ చేస్తే 19 రోజులకి వచ్చిన కుర్రాడు విప్పకుండానే గ్యాసు పోయిందన్నాడు. పంపించేసి నేనే విప్పి, మెత్తటి బ్రష్షుతో, సబ్బు నీళ్లతో కడిగాను. ఇంకా నడుస్తోంది. ఇప్పుడు సానపట్టే పని వరండాలోనే, ఫిల్టరు ప్రతి ఆదివారం కుళాయి కింద. ఒక స్టారు కోసింది ఆ సర్వీసుకి.

వానాకాలంలో రోజుకి పది గంటలు తిరుగుతుంది, లాగేది 260 వాట్లు. బిల్లు నెలకి ఐదారొందలు పెరుగుతుంది. దానికి తగ్గ ఫలితం ఫ్రెంచ్ పాలిష్‌లో కూడా కనిపించింది. ఇదివరకు ముసుర్లో పాలిష్ వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబడేది, ఇప్పుడు ఆ పని ఆగస్టులో కూడా చేసుకుంటున్నాను.

ఏప్రిల్, మేలో ఈ మిషనుకి పని లేదు. పడమటి గాలి తిరిగితే మధ్యాహ్నం గదిలో 35 లోపుకి పడిపోతుంది. తేమ చేర్చాలి, తియ్యకూడదు. ఎయిర్ కూలర్ పెట్టి ఒకసారి 80కి తీసుకెళ్లి తల బాదుకున్నాను. ఇప్పుడు బకెట్లో సగం ముంచిన గోనెపట్టా, టేబుల్ ఫ్యాన్ దూరంగా, మీటరు మీద కన్ను. కొండపల్లి బొమ్మలవాళ్లు పొణికి కర్రని సన్నటి సెగ మీద ఆరబెట్టిగాని ఉలి పెట్టరు. కర్రకి ఆత్రం పనికిరాదని వాళ్లకి మీటర్లు లేకుండానే తెలుసు.

ఒకే ఒక్క గిటారు చేద్దామనుకునేవాళ్లు దీన్ని కొనకండి. మూత గట్టిగా పడే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో పలకలూ బ్రేసులూ మీటరూ సిలికా జెల్ పెట్టి రెండు వారాలు ఉంచండి. మాఘ ఫాల్గుణాల్లో, బయట 45, 50 ఉన్న పొడి మధ్యాహ్నం చూసి బ్రేసులు అతికించండి. అతికించే రోజే ముఖ్యం, డొక్క మూశాక అంత కంగారు లేదు. నాలా ఏడాది పొడుగునా చేసేవాళ్లకైతే ఇది తప్పదు.

పగిలిన ఆ మొదటి గిటారుని బాగు చెయ్యలేదు. హాల్లో మేకుకి వేలాడుతోంది. వానల్లో ఆ పగులు తనంతట మూసుకుంటుంది, ఎండల్లో తెరుచుకుంటుంది. పొద్దున కాఫీ తాగుతూ పోస్టుకార్డు అంచు అందులో పెట్టి చూస్తాను. దూరితే మిషను జోలికి పోను. దూరకపోతే వెనక గదిలోకి వెళ్లి స్విచ్చి వేస్తాను.