గుట్ట నేలకు సాయిల్ హెల్త్ కార్డు: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామూలు ఎర్రనేల ఉన్న రైతుకు సాయిల్ హెల్త్ కార్డు మంచి సేవ. పైసా ఖర్చు లేదు, 12 అంశాలు పరీక్షిస్తారు, ఏ ఎరువు ఎంత వేయాలో రాసిస్తారు. అదే కార్డు పట్టుకుని గుట్టవాలులో, జానెడు మన్ను కింద బండ తగిలే చోట, అందునా ఆ బండ మెగ్నీషియం దండిగా ఉన్న నల్లపచ్చ రాయి అయిన చోట తోపు పెడితే చిక్కులు మొదలవుతాయి. మొదటి రకం నేలకు ఈ సేవకు అయిదింట నాలుగు మార్కులు ఇవ్వచ్చు. రెండో రకానికి రెండు కూడా కష్టమే.

కారణం కార్డులోనే ఉంది. ఆ 12 అంశాలు ఇవి: పీహెచ్, ఈసీ (ఉప్పు స్థాయి), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. నికెల్ మాటే లేదు. ఇలాంటి మెగ్నీషియం రాళ్ల నుంచి (వీటినే అల్ట్రామాఫిక్ శిలలంటారు) పుట్టిన నేలలో పంటను దెబ్బతీసేవి సరిగ్గా ఈ మూడే. మెగ్నీషియం మితిమీరుతుంది, దాని ముందు కాల్షియం చాలదు, పైన నికెల్ తోడవుతుంది. 2015లో దేశమంతటికీ ఒకే నమూనాగా మొదలుపెట్టిన పథకంలో అరుదైన నేలలకు చోటు దొరక్కపోవడం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ అరుదైన నేల మీ సొంతమైనప్పుడు ఆ సమర్థన పనికిరాదు.

ముందు మీ రాయి ఏ రాయో తేల్చుకోండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. అల్ట్రామాఫిక్ అంటే సిలికా 45 శాతం లోపు, మెగ్నీషియం ఆక్సైడు 18 శాతం పైన ఉన్న శిల. పెరిడొటైట్, డ్యూనైట్, అవి మారి ఏర్పడే సర్పెంటినైట్ ఈ కోవలోవి. తిరుమల కొండల రాయి దీనికి పూర్తిగా ఎదురు. అది క్వార్ట్‌జైట్, దాదాపు అంతా సిలికానే. శేషాచలం వాలుల్లో ఎర్రచందనం పెరిగే నేల కూడా లోతు తక్కువ రాతినేలే, అయితే దాని లోటుపాట్లు వేరు. చిత్తూరు వైపు నల్ల గ్రానైటు పేరుతో కోసి అమ్మేది ఎక్కువగా డోలరైటు. అందులో మెగ్నీషియం కొంత ఉంటుంది కానీ అల్ట్రామాఫిక్ స్థాయి కాదు. అసలు అనుమానించాల్సింది కుప్పం వైపు. కోలారు బంగారు పట్టీ దక్షిణపు కొస మన జిల్లాలోకి వస్తుంది, ఆ పట్టీలో కొమాటియైట్ తరహా మెగ్నీషియం శిలలున్నాయి. ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే తమిళనాడులోని సేలం దగ్గరి చాక్ హిల్స్‌కు పోవాలి. అక్కడ డ్యూనైటులో తెల్లటి మాగ్నసైటు (మెగ్నీషియం కార్బనేటు) చారలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

చేలో గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లు చూడాలి. రాయి నల్లపచ్చగా, తడిపితే సబ్బులా జారేట్టు ఉంటుంది. చిన్న అయస్కాంతం పెడితే పొడి అంటుకుంటుంది. రాయి నెర్రెల్లో తెల్లటి చారలుంటే వాటి మీద పలుచని యాసిడ్ చుక్క వేయండి. సున్నమైతే వెంటనే నురగ వస్తుంది, మాగ్నసైటైతే చల్లగా ఉన్నప్పుడు దాదాపు కదలదు. అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు, డోలరైటు పొడి కూడా అంటుకుంటుంది. బలపపు రాయి కనబడినా మెగ్నీషియం ఉన్నట్టే, కానీ అది డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి) మారి కూడా పుడుతుంది. పులివెందుల వైపు రాతినార (ఆస్‌బెస్టాస్), బలపపు రాయి అలా డోలమైటులో వచ్చినవే.

ఇలాంటి నేలకు వచ్చే కార్డు చూడ్డానికి బాగానే ఉంటుంది. పీహెచ్ 7 అటూఇటూ, ఇనుము, మాంగనీసు సమృద్ధి. నత్రజని, భాస్వరం, పొటాష్ తక్కువ. కాబట్టి యూరియా, డీఏపీ, పొటాష్ వేయమని సలహా. రైతు వేస్తాడు, మొక్క ఎదగదు. వేరుశనగ అయితే కాయ లొట్టపోతుంది, ఎందుకంటే కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు నుంచి కాక చుట్టూ ఉన్న మన్ను నుంచే నేరుగా తీసుకుంటుంది. మామిడిలో లేత ఆకు ఈనెల మధ్య పసుపెక్కితే ఇనుము లోపం అనుకుని పిచికారీ చేస్తారు. కార్డులో ఇనుము దండిగా ఉందని ఉన్నా లేత ఆకు అలా పాలిపోతుంటే నికెల్‌ను అనుమానించాలి, ఎక్కువైన నికెల్ మొక్కలో ఇనుము పనిని అడ్డుకుంటుంది. ముదురు ఆకులు పసుపెక్కితే మెగ్నీషియం లోపం అని ఎరువుల అంగడిలో మెగ్నీషియం సల్ఫేటు అంటగట్టడం ఇంకో మామూలు తప్పు. ఈ నేలకు అది అగ్గిలో నెయ్యి పోసినట్టే.

ఇంకో లోపం దాదాపు ఎవరూ పట్టించుకోనిది, గరుసు (మన్నులో కలిసిన రాళ్ల) లెక్క. ల్యాబులో మన్నును 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కిందికి దిగినదాన్నే పరీక్షిస్తారు. ఫలితాన్ని హెక్టారుకు కిలోల్లోకి మార్చేటప్పుడు 15 సెంటీమీటర్ల లోతులో 22.4 లక్షల కిలోల మన్ను ఉన్నట్టు లెక్కేస్తారు. ఇది రాయి లేని నేలకు సరైన అంకె. గుట్ట నేలలో బరువులో 40 శాతం రాళ్లే ఉంటే వేరుకు అందే మన్ను దాదాపు 60 శాతమే. కార్డులో పొటాష్ 170 కిలోలు, ‘మధ్యస్థం’ అని ఉంటే అసలు లెక్క 102 దగ్గర, అంటే తక్కువ. రాళ్లున్న నేల సాంద్రత కొంచెం ఎక్కువ కాబట్టి ఈ సవరణ గీతగీసినట్టు ఉండదు, అయినా కార్డులోని అంకె కన్నా నిజానికి దగ్గర. గరుసు శాతం మీరే తీయొచ్చు. ఆరిన మన్ను 10 కిలోలు తూచి, జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్లను తూచండి. సర్పెంటినైటు నేలలో రాతినార పోగులు ఉండొచ్చు, ఆ జల్లెడ పని మాస్కు కట్టుకుని, గాలికి వీపు పెట్టి చేయండి.

నమూనా తీసే తీరు కూడా ఈ నేలకు మారాలి. పథకం మొదట్లో పెట్టిన పద్ధతి వానాధార భూమిలో 10 హెక్టార్లకు ఒక నమూనా, నీటివసతి ఉంటే రెండున్నర హెక్టార్లకు ఒకటి. గుట్టవాలులో పాతిక ఎకరాల్లో మూడు రకాల రాళ్లు ఉండొచ్చు, అన్నీ కలిపితే వచ్చే సగటు ఏ మూలకీ వర్తించదు. కాబట్టి రాయి మారిన చోటల్లా వేరే నమూనా. ఒక్కోదానికి ఎనిమిది పది చోట్ల మన్ను తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ అర కిలోకి తేవాలి. తోపు పెట్టేవాళ్లు మొక్కల గుంత గోడ నుంచే 0–30, 30–60 సెంటీమీటర్ల లోతులు విడివిడిగా తీయాలి. అరవై దాకా పోకముందే బండ తగిలితే అదీ ఒక ఫలితమే, సంచి మీద లోతు రాయండి. నీడలో ఆరబెట్టండి. సూక్ష్మపోషకాలకు తుప్పు పట్టిన పార వద్దని అందరూ చెబుతారు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడమంటారు. నికెల్, క్రోమియం పరీక్షకు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా వద్దు, ఆ లోహంలో ఉన్నవే ఆ రెండు. పారతో తవ్వినా, పార తగిలిన పొరను చెక్క బద్దతో గీకేసి లోపలి మన్ను తీసుకోండి.

కార్డుతో పాటు డబ్బు కట్టి చేయించాల్సినవి రెండే పరీక్షలు. ఒకటి, అమ్మోనియం ఎసిటేటుతో తీసిన మార్పిడి (మన్ను రేణువులకు అంటుకుని మొక్కకు అందే) కాల్షియం, మెగ్నీషియం. రెండోది, డీటీపీఏ అనే ద్రావణంతో తీసిన నికెల్. జింకు, ఇనుముకు వాడే ద్రావణం అదే కాబట్టి అదనపు శ్రమ తక్కువ. మొత్తం నికెల్ చూపిస్తామంటే భయపడకండి. ఈ నేలల్లో అది కిలోకు 1000 మిల్లీగ్రాములు దాటడం మామూలే, మామూలు నేలల్లో వందలోపే. మొక్కకు అందే భాగం తెలియడానికే డీటీపీఏ. మొత్తం క్రోమియం పరీక్షకు పంట కోసం డబ్బు పెట్టడం దండగ, అది చాలావరకు కరగని క్రోమైటులో బిగిసి ఉంటుంది. ఆ డబ్బు బోరు నీళ్ల పరీక్ష మీద పెట్టండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం లీటరుకు క్రోమియం 0.05, నికెల్ 0.02 మిల్లీగ్రాములు. ఆ బోరుతోనే పారిస్తుంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం కూడా చూపించాలి. నీళ్లే మెగ్నీషియం మోసుకొస్తుంటే మన్నుకు చేసే వైద్యం నిలవదు.

రిపోర్టు చదివేటప్పుడు అసలు బోల్తా పడేది యూనిట్ల దగ్గర. కాల్షియం 400 పీపీఎం (కిలో మన్నుకు మిల్లీగ్రాములు), మెగ్నీషియం 360 పీపీఎం అని వస్తే కాల్షియమే ఎక్కువ అనిపిస్తుంది. కాల్షియాన్ని 200తో, మెగ్నీషియాన్ని 120తో భాగిస్తే 100 గ్రాముల మన్నులో 2, 3 మిల్లీఈక్వివలెంట్లు (బరువును బట్టి కాక, రసాయనికంగా సరిపోల్చే కొలత) వస్తాయి. నిష్పత్తి 0.67. ఒకటి కన్నా తక్కువ అంటే సర్పెంటినైటు నేల లక్షణమే. సున్నపు నేలలో అమ్మోనియం ఎసిటేటు కొంత సున్నాన్ని కూడా కరిగించి కాల్షియం అంకెను పెంచుతుంది, యాసిడ్‌కు నురగ వచ్చే మన్ను అయితే ఆ అంకెను పూర్తిగా నమ్మొద్దు.

మందు జిప్సం. డోలమైటు కాదు, దానిలో 13 శాతం మెగ్నీషియమే. పై లెక్కలోని కాల్షియం 2ను 3కి పెంచాలంటే 15 సెంటీమీటర్ల లోతుకు ఎకరాకు స్వచ్ఛమైన జిప్సం 780 కిలోలు. 40 శాతం గరుసుంటే 470 చాలు. 80 శాతం స్వచ్ఛత ఉన్న సంచులైతే దాదాపు 590. వేరుశనగకు ఊడల దశలో వేసే 200 కిలోలకు ఇది మూడింతలు, కాబట్టి రెండు దఫాలుగా, ఒకటి నైరుతి వానల ముందు, ఒకటి ఈశాన్య వానల ముందు వేయాలి. కాల్షియం వచ్చి తోసేసిన మెగ్నీషియం సల్ఫేటుగా మారి నీటితో కిందికి దిగిపోవాలి. బండ గిన్నెలా ఉండి నీరు పోయే దారి లేని గుంతలో జిప్సం ఎంత పోసినా మెగ్నీషియం అక్కడే తిరుగుతుంటుంది. ముందు ఆ గుంతకు వాలు వైపు కోత పెట్టండి.

ఎరువుల్లో డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తీసుకోండి, అందులో భాస్వరంతో పాటు కాల్షియం, గంధకం కూడా వస్తాయి. అమ్మోనియం సల్ఫేటు వద్దు, పీహెచ్ దిగితే నికెల్ ఎక్కువగా కరుగుతుంది. పశువుల ఎరువు ఎంత వేసినా మంచిదే, నికెల్‌ను కొంత పట్టి ఉంచుతుంది.

ప్రైవేటు ల్యాబుకు డబ్బు కట్టే ముందు మూడు అడగండి: కాల్షియం, మెగ్నీషియం ఏ ద్రావణంతో తీస్తారు, ఫలితం ఏ యూనిట్లో ఇస్తారు, రాళ్లు తూచి గరుసు శాతం రాస్తారా. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి వెళ్లినా ఇవే అడగండి. మూడో ప్రశ్నకు కాదంటే పర్వాలేదు, అది ఇంట్లో చేసుకోవచ్చు. మొదటి రెంటికీ జవాబు రాకపోతే మన్ను సంచి వెనక్కి తెచ్చుకోండి.