టెక్సాస్‌లో కొత్త ఇల్లు కొంటున్నారా? బిల్డర్ చూపే పన్ను లెక్కను నమ్మకండి

న్యూజెర్సీ చలినీ అక్కడి రాష్ట్ర ఆదాయపు పన్నునూ వదిలించుకుని, డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు కొత్త ఇల్లు కొనాలనుకుంటున్న మనవాళ్లు కాంట్రాక్టుపై సంతకం చేసేముందు ఇది చదవాలని మనవి. టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదన్న మాట నిజమే. 2019లో రాజ్యాంగ సవరణ చేసి మరీ దానిని నిషేధించారు. అయితే బడులకూ కౌంటీకీ నగరానికీ కావలసిన సొమ్ములో పెద్ద వాటా ఇంటి పన్ను నుంచే వస్తుంది. ఆ పన్ను విషయంలోనే బిల్డర్ మనుషులు మమ్మల్ని తప్పుదారి పట్టించారు.

సేల్స్ ఆఫీసులో ఇచ్చిన కాగితంపై అసలు, వడ్డీ, ఇన్సూరెన్స్, పన్ను కలిపి నెలకు ఎంతవుతుందో చూపారు. పన్ను గడిలో ఉన్నది మాత్రం ఖాళీ స్థలానికి వేసిన అంకె. ఇక్కడ ఆస్తి విలువను ఏటా జనవరి 1 నాటి స్థితిని బట్టి నిర్ణయిస్తారు కనుక, ఆనాటికి ఇల్లు లేవకపోతే ఆ ఏడాది బిల్లు స్థలానికే వస్తుంది, అసలు బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. ఉదాహరణకు 2.2 శాతం రేటున లక్షా 20 వేల డాలర్ల స్థలానికి పన్ను 2,640 డాలర్లు. ఇంటితో కలిపి విలువ 6 లక్షలైతే, మినహాయింపులు పక్కన పెట్టి, 13,200. అంటే నెలకు 880 డాలర్లు అదనం. ఎస్క్రో ఖాతాలో (పన్ను, ఇన్సూరెన్స్ కట్టేందుకు బ్యాంకు మన నుంచి నెలనెలా సొమ్ము జమ చేసుకునే ఖాతా) అప్పటికే పడిన లోటును కూడా బ్యాంకు నెలనెలా రాబట్టుకుంటుంది కనుక, కొంతకాలం ఆ భారం ఇంచుమించు రెట్టింపవుతుంది. నిలదీస్తే, "అది అంచనా మాత్రమేనండీ" అని, కాగితం అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని చూపించారు. హోమ్‌స్టెడ్, అంటే సొంతంగా నివసించే ఇంటికిచ్చే పన్ను మినహాయింపు, ఉంటే పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదన్న భరోసా కూడా ఇస్తారు. కొత్తగా లేచిన కట్టడానికి ఆ పరిమితి అడ్డురాదు.

మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్), పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అనే ప్రత్యేక జిల్లాల సంగతి వేరుగా అడగాలి. నీళ్లు, మురుగు కాలువలు, రోడ్ల కోసం తెచ్చిన అప్పును అక్కడి ఇళ్లవాళ్ల నుంచే ఏళ్ల తరబడి వసూలు చేస్తారు. పిడ్ వాయిదాకు హోమ్‌స్టెడ్ మినహాయింపు వర్తించదు. కాంట్రాక్టుకు ముందే దీనిపై నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది; మాకది సంతకాల దొంతరలో ఒక కాగితంగా వచ్చింది తప్ప ఎవరూ నోరు విప్పలేదు.

కొనేముందు అదే కాలనీలో పూర్తయిన ఇంటి తాజా బిల్లును కౌంటీ రికార్డుల్లో చూడండి. ఎస్క్రోను పూర్తి విలువపైనే లెక్కగట్టమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.