ఇంటి పెరుగా, ప్రోబయోటిక్ సీసానా, చద్దన్నమా: పొట్టకు ఏది మేలు?

సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్ల పక్కనే యాకుల్ట్ లాంటి ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న) డ్రింకుల చిన్న సీసాలు కనిపిస్తాయి. 65 మిల్లీలీటర్లలో 650 కోట్ల మంచి బ్యాక్టీరియా ఉందని లేబుల్ చెబుతుంది. ఇంట్లో తోడు పెట్టిన పెరుగుకు అలాంటి లెక్క ఎవరూ రాయరు కాబట్టి సీసాదే పైచేయి అనిపిస్తుంది.

సీసాలో ఉన్నది ఏ బ్యాక్టీరియానో, ఎంతో కచ్చితంగా తెలుసు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో గుర్తించిన రకం అది, 1935 నుంచి అమ్ముతున్నారు. ఇంటి పెరుగు అలా కాదు. తోడును బట్టి, ఎండను బట్టి అందులోని బ్యాక్టీరియా మారిపోతుంది. అయితే ఎంత ఉందో తెలిసినంత మాత్రాన మన పొట్టకు పని చేస్తుందని కాదు. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పితో పాటు విరేచనాలో, మలబద్ధకమో వేధించే సమస్య) లాంటి చాలా ఇబ్బందులకు ప్రోబయోటిక్స్ వాడమని చెప్పేంత ఆధారం లేదని అమెరికాలో జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లోనే తేల్చింది. యాంటీబయాటిక్స్ వల్ల విరేచనాలు రాకుండా చూడటానికి కొన్ని రకాలు పనికొస్తాయి, కానీ అది డాక్టర్ చూసి చెప్పాల్సిన విషయం. పైగా ఇలాంటి తియ్యటి డ్రింకుల్లో చక్కెర ఉంటుంది. రోజూ తాగేవాళ్లు లేబుల్ వెనక్కి తిప్పి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి దీని మీద నెలనెలా డబ్బు పెట్టక్కర్లేదని నా ఉద్దేశం.

పెరుగుది మరో లాభం. పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడుకునేటప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత తగ్గుతుంది. ప్రొటీన్, కాల్షియం ఎలాగూ ఉంటాయి. కానీ మజ్జిగపులుసు చేసి మరిగిస్తే ఆ బ్యాక్టీరియా బతకదు. ఇడ్లీ సంగతీ అంతే: పిండి పులిసినా ఆవిరి మీద ఉడికాక సూక్ష్మజీవులు పోతాయి. తేలిగ్గా అరుగుతుంది, నిజమే, దాన్ని ప్రోబయోటిక్ అనడం మాత్రం అతి.

చద్దన్నం దగ్గరే కాస్త ఆగాలి. రాత్రి అన్నం వండగానే చల్లార్చి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. ఉప్పు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటే పెరుగులో దొరికే బ్యాక్టీరియా దొరుకుతుంది. దాంతోపాటు చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్న పేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. ఉల్లిపాయలోని పీచూ అక్కడికే చేరుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని తిని తయారుచేసే బ్యూటిరేట్, పేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం. సీసాకి, ఒట్టి పెరుగుకి లేనిది ఇదే. కొత్త బ్యాక్టీరియాను పంపడం కన్నా లోపల ఉన్నవాటికి తిండి పెట్టడం ముఖ్యం. ఆ పనిలో చద్దన్నానికే నా ఓటు.

దీనికీ షరతులున్నాయి. వండిన అన్నాన్ని రాత్రంతా బయట వదిలేసి, పొద్దున నీళ్లు పోసి చద్దన్నం అనుకోకూడదు. అలా ఉంచిన అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడిచే విషం వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. పాలు, పెరుగు త్వరగా కలపాలి. ఎండాకాలమైతే తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు చల్లారినా అన్నం అన్నమే, కొలత తప్పదు. పచ్చి ఉల్లిపాయ తింటే గ్యాస్ పట్టేవాళ్లు దాన్ని మానేసి కీరాతో సరిపెట్టుకోవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం సీసా అయినా, ఇంట్లో పులియబెట్టినదైనా డాక్టర్‌ని అడిగాకే తినాలి.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. చద్దన్నం ఒక్కటే తింటే అందులో సగం కూడా అందదు. మధ్యాహ్నం కంచంలో గోరుచిక్కుడు కూరో, తోటకూర పప్పో పడాలి, సాయంత్రం జామకాయ దొరికితే గింజలతో సహా తినేయడమే.