ఫాల్మత్‌లోని హైఫీల్డ్ థియేటర్: కళాశాల విద్యార్థుల వేసవి నాటక సమాజం

వేసవిలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న కేప్ కాడ్ తీరప్రాంతానికి వెళ్ళే మన తెలుగు కుటుంబాలు సాధారణంగా సముద్రపు ఒడ్డు, లైట్‌హౌస్, పడవ షికారు చూసుకొని తిరిగి వస్తుంటాయి. వాటితోపాటు ఒక సాయంత్రాన్ని అక్కడి ఫాల్మత్ ఊరిలోని హైఫీల్డ్ థియేటర్‌కు కేటాయించుకోమని గట్టిగా చెబుతాను. రాబర్ట్, అర్సులా హాస్లన్ దంపతులు 1969లో స్థాపించిన కాలేజ్ లైట్ ఒపేరా కంపెనీ ఇక్కడ వేసవి కాలంలో సంగీత నాటకాలు ప్రదర్శిస్తుంది. వేదిక మీద పాడి నటించేవారూ, వేదిక ముందు కూర్చుని వాద్యాలు వాయించేవారూ ప్రధానంగా దేశంలోని వివిధ కళాశాలల నుంచి ఎంపికై వచ్చిన విద్యార్థులే.

ఈ సమాజం గొప్పతనమంతా దాని పని పద్ధతిలో ఉంది. తొమ్మిది వారాల్లో తొమ్మిది నాటకాలు వేయడం దశాబ్దాలపాటు ఇక్కడ సాగిన ఆనవాయితీ. రాత్రి ఈ వారం నాటకం ఆడుతున్నవారే పగటిపూట వచ్చే వారం నాటకానికి రిహార్సల్స్ చేస్తారు. ఒక కథలోని మాటలూ పాటలూ నోట్లో నానుతుండగానే మరో కథను కంఠస్థం చేసుకోవాలి. పేరున్న నటుణ్ణి తెచ్చి ముందు నిలబెట్టే అలవాటు లేదు కనుక, ఒక వారం కథానాయకుడైనవాడు మరో వారం బృందగానంలో వెనుక వరుసలో నిలబడతాడు. నటనలో శిక్షణ అంటే ఇదేనని నేను నమ్ముతాను. తరగతి గదిలో ఏడాదంతా నేర్చుకున్నా, టికెట్టు కొని ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ కుర్చీలో కదులుతాడో తెలుసుకోవడానికి ఇలాంటి చోటు కావాలి.

ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారితో కలిసి చూసిన సంగీత నాటకంలో ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు ముసలి అధికారి వేషం కట్టాడు. మాట్లాడుతున్నంతసేపూ వంగిన నడుము, పాట పైస్థాయికి చేరగానే తనకు తెలియకుండానే నిటారుగా లేచి, చరణం పూర్తయ్యాక మళ్ళీ వంగింది. అందరూ ఒకే ఈడువారున్న సమాజంలో వృద్ధ పాత్రలకు ఈ చిక్కు తప్పదు. కానీ ఆ గొంతులోని స్వచ్ఛతకు సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. పద్యనాటకాలకు తెల్లవారేదాకా మేలుకొని ‘వన్స్ మోర్’ కొట్టిన తరం మా నాన్నగారిది. “రికార్డు వేసి పెదవులు ఆడించడం కాదురా, ఎదురుగా మనుషులే వాయిస్తున్నారు, మనుషులే పాడుతున్నారు,” అని విరామంలో ఆయన నాతో అన్నారు. ఒక చిన్న ఊరిలో, విద్యార్థులతో, నిండు ఆర్కెస్ట్రాను నిలబెట్టడం ఎంత ఖర్చుతో, ఎంత శ్రమతో కూడిన పనో నాటకాలతో పరిచయమున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

భవనం ఆడంబరమైనది కాదు. ఒకప్పుడు బీబీ కుటుంబం వారి ఎస్టేటులో గుర్రపుశాలగా ఉన్న దానినే నాటకశాలగా మార్చారు. అది చిన్నది కావడమే ఇక్కడ మేలు, ఎందుకంటే నటుల ముఖకవళికలు తేటగా కనిపిస్తాయి. యువనటులు వేసవిలో వచ్చి పని నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కూడా కాదు. 1928లో కొందరు కళాశాల విద్యార్థులు ఫాల్మత్‌లోనే యూనివర్సిటీ ప్లేయర్స్ అనే సమాజాన్ని ప్రారంభించారు. తరువాత సినిమాల్లో ఎంతో పేరు సంపాదించిన హెన్రీ ఫోండా, జేమ్స్ స్టూవర్ట్ అందులో పనిచేసినవారే.

ఇక్కడ ఆడే వాటిలో, రచయిత గిల్బర్ట్, స్వరకర్త సలివన్‌ల 19వ శతాబ్దపు హాస్య సంగీత నాటకాలకు వెళ్ళేవారు కథాసారాన్ని ముందుగా చదువుకోవడం మంచిది. వాటిలోని వేగపు పాటలు ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా ఒక్కసారి వింటే పూర్తిగా అందవు. పెద్దవారిని తీసుకువెళ్ళేవారు వారికి ఇంట్లోనే తెలుగులో కథ చెప్పి తీసుకువెళితే, ఆపైన సంగీతమూ అభినయమూ వారిని నడిపిస్తాయి. వారాంతంలో కేప్ కాడ్‌లోకి దారితీసే బోర్న్ వంతెన దగ్గర కార్లు బారులు తీరుతాయి కనుక బోస్టన్ వైపు నుంచి వచ్చేవారు బాగా ముందుగా బయలుదేరాలి. వీలైతే ఒక్క ప్రదర్శనతో సరిపెట్టుకోకుండా, వెంటవెంటనే వచ్చే రెండు వేర్వేరు నాటకాలకు టికెట్లు తీసుకోండి. మొదటిదానిలో వెనుక వరుసలో చూసిన అమ్మాయి రెండవదానిలో ప్రధాన పాత్ర ధరించి ముందుకు వస్తే, ఈ సమాజం వారితో ఎంత పని చేయిస్తుందో కళ్ళారా తెలుస్తుంది.