బాల్డర్స్ గేట్ 3: కార్మిక్ డైస్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో రెండుసార్లు

బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ 2023 ఆగస్టులో వచ్చినప్పుడే కొన్నా, ఇప్పటికి మూడుసార్లు పూర్తి చేశా. ఇందులో దెబ్బ తగిలిందా, మాట నెగ్గిందా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ఆట ఎంత బాగుందో చాలామంది రాసేశారు కాబట్టి, ఎవరూ ముట్టుకోని ఒక్క సెట్టింగ్ గురించే రాస్తున్నా. గేమ్‌ప్లే ఆప్షన్లలో కార్మిక్ డైస్ అని ఉంటుంది, మనం మార్చకపోతే ఆన్‌లోనే ఉంటుంది. కొర్లగుంటలో మా రూముకొచ్చిన తమ్ముడు చూసి "ఏందన్నా, కార్మికుల పాచికలా?" అన్నాడు. కాదురా, కర్మ. వరసగా ఫెయిలవుతుంటే పాచికను కాస్త ఒంచి గట్టెక్కిస్తుంది.

మొదటిసారి అది ఉందని కూడా తెలీదు, హాయిగా సాగిపోయింది. చిరాకు పుట్టించింది మాత్రం నా పాత్ర పాలడిన్, అంటే కవచం తొడిగే యోధుడు. ప్లేట్ ఆర్మర్, షీల్డు, అన్నీ కలిపి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు చేరాల్సిన అంకె) 21. దాడికి +4 ఉన్నవాడి (పాచిక మీది అంకెకు 4 కలిసేవాడి) దెబ్బ నాకు తగలాలంటే 17 గానీ ఆపైన గానీ పడాలి, అంటే 100కి 20. కానీ లెక్కకు మించి తగులుతూనే ఉన్నాయి! తీరా చూస్తే ఆ దయ శత్రువులకూ వర్తిస్తుంది, ఎన్నోసార్లు గురి తప్పినవాడిని కూడా ఆట జాలిపడి గట్టెక్కిస్తుంది, అంటే కష్టపడి కవచం పోగేసినవాడికే నష్టం.

రెండోసారి ఆఫ్ చేశా. ఒక సంభాషణలో 11 పడితే చాలు, సగానికి సగం ఛాన్స్. మొదటిసారి వేసింది పోయింది, దాచుకున్న ఇన్‌స్పిరేషన్లు (పోయిన పాచికను మళ్లీ వేయనిచ్చేవి) నాలుగూ వాడా, అవీ పోయాయి. వరసగా ఐదు. మోసం అనిపించింది గానీ లెక్కేస్తే 32లో ఒకసారి జరిగేదే, ఇన్ని వందలసార్లు పాచిక వేసే ఆటలో జరక్కపోతేనే అనుమానపడాలి.

మన బుర్రకి ఇది ఎక్కదని ఆటలు చేసేవాళ్లకి ఎప్పుడో తెలుసు. ఫైర్ ఎంబ్లం అనే యుద్ధాల వీడియో గేమ్ వరసలో, 2002 తర్వాతి చాలా ఆటల్లో దెబ్బ తగిలిందా అని తేల్చడానికి ఒకటికి బదులు రెండు సంఖ్యలు తీసి సగటు చూస్తారు, తెర మీద 90 శాతం అని ఉంటే అసలు ఛాన్స్ 98 దాటుతుంది, 10 అని ఉంటే 2 దగ్గరికి పడిపోతుంది. 90 అంటే మనం "ఖాయం" అనుకుంటాం కదా, అందుకని. నాకైతే అంకె చూపించి అబద్ధం చెప్పడం కంటే కార్మిక్ డైసే నయం, కనీసం ఆపుకునే బటన్ ఇచ్చారు.

మా అమ్మ కొండ మీద ఆర్జిత సేవలకి లక్కీ డిప్‌లో పేరు వేస్తూనే ఉంటుంది, రాకపోతే "స్వామి ఇంకా పిలవలేదు" అని మళ్లీ వేస్తుంది. నాకు అంత ఓపిక రావడానికి రెండో ఆట సగం పట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, గట్టి కవచం లేనివాళ్లు ఆన్‌లోనే ఉంచుకోండి. ఆర్మర్ క్లాస్ పెంచే ఆలోచనుంటే ముందు ఆఫ్ చేయండి, ఆట మధ్యలోనూ మార్చుకోవచ్చు. మూడోసారి హానర్ మోడ్‌లో, వెనక్కెళ్లే సేవ్ లేకుండా, ఆఫ్‌లోనే ఆడా. 2 పడితే చాలన్న చోట 1 పడింది. లేచెళ్లి టీ తాగొచ్చి, ఆ ఓటమితోనే ముందుకెళ్లా.